తెర మీద రాసి ఉన్నది

ఫిబ్రవరి 4, 1912. ఆదివారం

నా మొగుడు తావెట్టి బట్టల పెట్టెను నేను గుమ్మం బయట పెట్టి నేటికి మూడు వారాలు. మంచులో సగం కూరుకుపోయి ఉంటే మొన్న తనే వచ్చి తవ్వి తీసుకుపోయాడు. నేను చూడలేదు. వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డ మాట నిజమే, అది పిండి పొంగిందో లేదో చూడటానికి.

హెల్మికి కట్టు విప్పారు. బాగా మానిందన్నాడు గని కంపెనీ డాక్టరు. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు, రెండిటికీ చివరి కణుపు లేదు. అదీ మానడం. పిల్ల చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇవి మళ్ళీ వస్తాయా అమ్మా, పాలపళ్ళు ఊడితే వచ్చినట్టు?" అని అడిగింది. రావన్నాను. నా నోరే అంత. ఏడేళ్ళ పిల్లకైనా ఉన్నదే చెబుతుంది.

మెత్తబడిపోకుండా ఉండటానికి మళ్ళీ రాసుకుంటున్నాను. బూట్లు కొనిస్తానని తావెట్టి పిల్లను మంచు బండి మీద కూర్చోబెట్టి ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. సారా దుకాణం ముందు ఆపి, "ఒక్క నిమిషం, కదలకు" అన్నాడు. అది కదల్లేదు. చెప్పిన మాట వినే పిల్ల. చేతి తొడుగు జారిపోతే బండి దిగి తీసుకోవడానికి కూడా కదల్లేదు. చీకటి పడ్డాక పాలవాడు చూసి ఇంటికి తెచ్చాడు. తావెట్టి ఆ మర్నాడు వచ్చాడు.

ఫిబ్రవరి 7

ఫ్రెడ్రిక వచ్చింది. సారా మాన్పించే మా సంఘంలో ఆడవాళ్ళకు పెద్ద ఆవిడే. ఆమె కుర్చీలో కూర్చుంటే మన కుర్చీ మనది కాదనిపిస్తుంది. మూడు కప్పుల కాఫీ తాగింది. ఈ మిషిగన్ గనుల్లోకి వచ్చాక మా ఫిన్లాండు వాళ్ళు సగం మంది సారాలో మునిగారు, మిగతా సగం ఒట్టు పెట్టుకుని కాఫీలో మునిగారు.

"నాలుగుసార్లు పడ్డాడు, నాలుగుసార్లు లేపాం. ఐదోసారీ లేపుతాం. మన సంఘం ఉన్నదే అందుకు," అంది.

"లేపండి," అన్నాను.

"నువ్వు పక్కన ఉండాలి కదా అమ్మాయ్. భార్య మొహం తిప్పుకుంటే మనిషి నిలబడతాడా? కాస్త ఓర్పు పట్టాలి."

మా సంఘం పద్ధతి అది. ఒట్టు తప్పినవాడు ఆదివారం నాడు వేదిక ముందు నిలబడి, తప్పయిపోయిందని అందరినీ క్షమాపణ అడగాలి. సభ్యులు చేతులెత్తితే మళ్ళీ సభ్యుడు. ఆడవాళ్ళకూ ఓటుంది. ఊళ్ళో ఇంగ్లీషు దొరసానులకు కూడా లేని ఓటు మాకుందని మేం మురిసిపోతాం కూడా. తావెట్టి నాలుగుసార్లు నిలబడ్డాడు. నాలుగుసార్లూ హాలంతా కళ్ళు తుడుచుకుంది. క్షమించింది వాళ్ళు, ఇంటికి తెచ్చుకుని వాంతులు కడిగింది నేను.

"ఓర్పు నాకూ ఉంది ఫ్రెడ్రికగారూ. వేళ్ళే లేవు, నా కూతురికి," అన్నాను.

ఆవిడ కప్పు దించి, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు," అని లేచింది.

ఫిబ్రవరి 9

ఒక మేజోడు అల్లడం అయింది. బూడిదరంగు ఉన్ని. ఓస్కరికి.

ఫిబ్రవరి 10

మా ఇంట్లో భోజనానికీ పడకకీ ఉండే గనివాళ్ళలో ఓస్కరి పెద్దవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, నోరు మాత్రం ఉంది. మేజోడు చేతికి తొడుక్కుని చూసి, "వదినా, ఇందులో నా రెండు కాళ్ళూ పట్టి, ఇంకొకడు అద్దెకి దిగడానికి చోటు మిగుల్తుంది. ఎవరి కాలిది ఈ కొలత?" అన్నాడు.

"ఉతికితే ముడుచుకుంటుంది," అన్నాను.

"ఔను, ఔను. ఉన్ని ముడుచుకుంటుంది. మనసు ముడుచుకోదు, అదే తంటా."

ఆవిరి స్నానాల గది పొయ్యికి కట్టెలు లేవు, ముందు అవి కొట్టుకురమ్మని తరిమాను.

ఫిబ్రవరి 16. శుక్రవారం

మధ్యాహ్నం సంఘం హాలుకు వెళ్ళాను. తెర మీద ఆడించే కొత్త బొమ్మ వచ్చింది. సంఘం ఎంతో కష్టపడి తెప్పించిందట. తూర్పున ఎక్కడో తీశారు. రెండు రీళ్ళు. బొమ్మ మధ్య మధ్య వచ్చే రాతలన్నీ ఇంగ్లీషే కాబట్టి, తెర పక్క ముక్కాలి పీట వేసుకుని మా భాషలో చదివి చెప్పేది నేను. గని కెప్టెన్ ఇంట్లో ఆరేళ్ళు పనిమనిషిగా ఉన్నప్పుడు వెండి చెంచాలు తోముతూ నేర్చుకున్న ఇంగ్లీషు ఇలా పనికొచ్చింది. ఆ పీట మీద కూర్చుంటే నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోవడం దేనికి. తెర మీద దొరలు ఊరికే పెదవులు ఆడిస్తారు. నేను నోరు విప్పితేనే వాళ్ళకు మాటలు. రాసి ఉన్నదానికి ఒక్క మాట కలపను, ఒక్క మాట తగ్గించను. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే నన్ను నమ్ముతారు.

ముందుగా చూసుకోవాలి కదా అని ఆపరేటరు ఖాళీ హాల్లో నాకొక్కదానికే ఆడించాడు.

మంచి వడ్రంగి. మంచి ఇల్లు. స్నేహితుడు ఒక్క గ్లాసు పోస్తాడు, అంతే, మూడో సీనుకల్లా ఇల్లు గుల్ల. బంగారు జుట్టు కూతురు నాన్నను పిలవడానికి సారా దుకాణానికి వెళ్తుంది. నాన్న గ్లాసు విసురుతాడు. పిల్ల నుదుటికి తగులుతుంది. తర్వాత మంచం, తల అడ్డంగా ఊపే డాక్టరు, మూల నిలబడి చేతులు నలుపుకునే తల్లి. ఆ తల్లి బొమ్మ మొత్తంలో చేసిన పని అదొక్కటే. పిల్ల చేయి చాచి నాన్న తల మీద పెడుతుంది. నాన్న మారిపోతాడు. ఆఖరి సీనులో బల్ల మీద రొట్టె, పూలు, నుదుటి మీద మచ్చైనా లేని పిల్ల. ఆఖరి రాత: "చిన్నారి బాధ తండ్రిని రక్షించింది. తల్లి ఓర్పు ఫలించింది."

ఆపరేటరు రీలు వెనక్కి చుట్టుకుంటూ, "ప్రతి ఊళ్ళోనూ ఇక్కడ ఏడుస్తారమ్మా. మీకు ఏడుపు రాలేదే?" అన్నాడు.

నాకు కోపం వచ్చిందన్నాను. సారా మీదేగా అన్నాడు. ఔనన్నాను, వేరేది చెప్పేంత పరిచయం లేదు.

సారా మీదా కోపమే. ఈ ఊళ్ళో దుకాణాలన్నీ మూయించడానికి కాగితం తెస్తే మొదటి సంతకం నాది. కానీ తండ్రికి బుద్ధి రావాలంటే పిల్ల నెత్తురు కావాలా? అది మందా, వడగట్టి పోయడానికి?

ఫిబ్రవరి 18. ఆదివారం

అసలు సంగతి బయటపడింది. వచ్చే ఆదివారం బొమ్మ అయ్యాక తావెట్టి నిలబడి క్షమాపణ అడుగుతాడు. చేతులెత్తాక, ఒట్టు పెట్టుకున్న గుర్తుగా అతని కోటుకు తెల్ల రిబ్బను గుచ్చేది హెల్మి అట. ఫ్రెడ్రిక చెబుతుంటే ఆమె కళ్ళల్లో అప్పుడే నీళ్ళు తిరుగుతున్నాయి.

"బొమ్మలో ఉన్నదే కళ్ళెదుట కనిపిస్తుంది. ఆ చేత్తో గుచ్చితే హాల్లో రాయి కూడా కరుగుతుంది. కొత్తగా ఎంతమంది ఒట్టు పెట్టుకుంటారో చూడు."

"ఏ చేత్తో?" అన్నాను.

ఆవిడ రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది.

"ఆ చెయ్యి దానిది ఫ్రెడ్రికగారూ. దాంతో అది గిన్నె పట్టుకోవాలి, పలక పట్టుకోవాలి, రేపు పెద్దయ్యాక పని చేసుకోవాలి. మీ హాల్లో ఆడించే బొమ్మ కాదు."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. సరేలే, నీ ఇష్టం."

ఆవిడ అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదు. కానీ అంది. నేను నమ్మాను.

ఫిబ్రవరి 19

రెండో మేజోడు మొదలుపెట్టాను. ఒక్కటి ఉంచుకుని ఎవరేం చేసుకుంటారు.

ఫిబ్రవరి 22

హెల్మి వంటింటి మూలన నిలబడి కుర్చీకి తగిలించిన తువాలుకు గుండుసూది గుచ్చుతోంది. సూది జారుతోంది. మళ్ళీ గుచ్చుతోంది. పట్టు దొరక్క పెదవి కొరుక్కుంటోంది.

"ఏం చేస్తున్నావే?"

"దేవుడి బడిలో టీచరమ్మ నేర్పుతోంది. నీకు చెప్పొద్దంది, అమ్మకి ఒక్కసారిగా సంతోషం కలగాలంట. నేను రిబ్బను పెడితే నాన్న ఇంకెప్పుడూ తాగడంట."

రొట్టె కోసే కత్తి కింద పెట్టాను.

"మరి తాగితే?"

దానికి ఆ ప్రశ్న కొత్త కాదని మొహం చూస్తేనే తెలిసింది.

"అప్పుడు నేను సరిగ్గా పెట్టలేదన్న మాట," అంది.

పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాన్న తాగితే అది నాన్న పని, తాగకపోతే అదీ నాన్న పనే, నీ చేతికీ దానికీ సంబంధం లేదని చెప్పాను. మళ్ళీ చెప్పాను. విని తల ఊపింది. తర్వాత చూస్తే కట్టెల పెట్టె చాటున కూర్చుని, ఈసారి తన గౌనుకే గుచ్చుకుంటోంది.

నా మాట ఒక్కదాని మాట. దాని చేతిలోనే అంతా ఉందన్న మాట హాలు మొత్తం చెప్పింది, తెర కూడా చెప్పబోతోంది. దాన్ని హాల్లోనే తెంచాలి.

ఫిబ్రవరి 24

ఒంట్లో బాగాలేదని చెప్పి చదవడం మానేయవచ్చు. ఓస్కరి అదే సలహా ఇచ్చాడు. "జలుబని పడుకో వదినా. పిల్లకీ జలుబే. ఇద్దరూ దుప్పటి కప్పుకోండి, నేను పోయి చెప్పొస్తా."

దాక్కోవడానికి నేనేం తప్పు చేశానన్నాను.

ఫిబ్రవరి 25. ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

మూడు గంటలకు హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. గోడల వెంబడి కూడా నిలబడ్డారు. తావెట్టి మొదటి వరసలో కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు, చిక్కాడు, చొక్కా కాలరు లోపలికి మడతపడి ఉంది. దాన్ని సరిచేయాలని నా చేతికి అనిపించింది. చేతిని ఒళ్ళో పెట్టుకున్నాను. హెల్మిని ఓస్కరి పక్కన కూర్చోబెట్టి వచ్చాను కానీ, దీపాలు తగ్గించేలోగా ఫ్రెడ్రిక దాన్ని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

చదివాను. ప్రతి మాటా చదివాను. గ్లాసు తగిలినప్పుడు హాలంతా "అయ్యో" అంది. ఆఖరి రాత వచ్చింది. "చిన్నారి బాధ తండ్రిని రక్షించింది. తల్లి ఓర్పు ఫలించింది." అదీ చదివాను. ముక్కులు చీదుతున్నారు. దీపాలు వెలిగించారు.

తావెట్టి లేచి వేదిక ముందు నిలబడ్డాడు. తప్పయిపోయిందన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి చాలాసేపు పట్టింది. అధ్యక్షుడు చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. మనిషి తాగకుండా బతకాలనే కదా, ఎందుకు ఎత్తను. తావెట్టి నా చేతి వైపే చూశాడు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది, అది కూడా రాసుకోవాలి.

అప్పుడు ఫ్రెడ్రిక హెల్మి చేతికి రిబ్బను ఇచ్చి ముందుకు తోసింది. పిల్ల నాలుగడుగులు వేసింది. సూది జారకుండా రెండు చేతులా పట్టుకుంది. ఎక్కడ సరిగ్గా పెట్టలేనో అని దాని భయం. హాల్లో అందరి కళ్ళూ దాని చేతి మీదే.

నేను పీట మీంచి లేచాను.

"తెర మీద రాసి ఉన్నది మీకు చదివాను. అక్షరం మార్చలేదు," అన్నాను. "కానీ అది నిజం కాదు. పిల్ల బాధపడితే తండ్రి బాగుపడడు. పిల్ల బాధపడుతుంది, అంతే. నా కూతురి వేళ్ళు ఎవర్నీ రక్షించలేదు. చలికి పోయాయి. తావెట్టి మానితే తనంతట తను మానాలి. మానకపోతే అది దీని తప్పు కాదు. ఈ ముక్క మీరందరూ వినాలి. అందరికన్నా ముందు ఇది వినాలి."

తర్వాత, "హెల్మీ, ఆ సూది అక్కడ పెట్టేసి రా," అన్నాను.

పిల్ల తండ్రి మొహం చూసింది, నా మొహం చూసింది. రిబ్బను బల్ల మీద పెట్టి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇంకెవరూ కదల్లేదు. చివరకు ఫ్రెడ్రికే వెళ్ళి రిబ్బను గుచ్చింది. మేం బయటికి వచ్చేశాం.

దారిలో హెల్మి, "నువ్వు అందరి ముందూ అరిచావు," అంది. అరవలేదన్నాను. "అరిచావు," అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కుడిచేత్తోనే.

ఫిబ్రవరి 26

భయపడటం లేదు. అన్నం సయించలేదు, అది చేప ఉప్పెక్కువై.

ఫిబ్రవరి 28

సంఘం నుంచి కబురు. వచ్చే ఆదివారం నేను వేదిక ముందు నిలబడి క్షమాపణ అడగాలట, సంఘం మర్యాద తీసినందుకు. చుక్క ముట్టని దాన్ని, తాగుబోతులు నిలబడే చోట నిలబెడతారు. అడగకపోతే పేరు కొట్టేస్తారు.

మార్చి 2. శనివారం

తావెట్టి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడాడు, లోపలికి రమ్మని నేను అనలేదు, వస్తానని తను అనలేదు. కట్టెలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. హెల్మికి బూట్లు తెచ్చాడు. కొలత సరిపోయింది.

వెళ్ళేముందు, "నువ్వు హాల్లో చెప్పింది నిజమే సైమీ," అన్నాడు.

ఇంతవరకు నా మాటను ఎవరూ నిజమనలేదు. అన్నది తను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. వసంతం వచ్చేసరికి రానిద్దామని ఉంది. ముందు ఆదివారాల్లో భోజనానికి. తర్వాత చూద్దాం. మేజోళ్ళు అతనికే ఇచ్చేశాను. ఓస్కరి పొయ్యి దగ్గర కూర్చుని ఒక్క మాట కూడా అనకపోవడం వింతే.

మార్చి 3. ఆదివారం

నిలబడ్డాను. వేదిక ముందు నేల అరిగి నున్నగా ఉంది. ఎంతమంది మగాళ్ళు నిలబడ్డారో అక్కడ.

అధ్యక్షుడు, "సైమీ, ఒక్క మాట చాలు. తప్పయిందను. అందరం చెయ్యెత్తుతాం, కాఫీ తాగి ఇళ్ళకు పోదాం," అన్నాడు. మంచిగానే అన్నాడు.

"నా మొగుణ్ణి నాలుగుసార్లు క్షమించినప్పుడు నన్ను అడగలేదు మీరు," అన్నాను. "ఇప్పుడు నేనూ మిమ్మల్ని అడగను. నేను చేసింది తప్పు కాదు. కొట్టేసుకోండి."

పేరు తీసేయాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు.

వెనక వరసల్లోంచి మొదలైంది. కొందరు ఆడవాళ్ళు ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చున్నారు, ఎత్తలేదు. ఓస్కరి చేతులు కట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. ఫ్రెడ్రిక ఎత్తింది, అది ఊహించిందే, ఆవిడ మీద నాకు కోపం కూడా లేదు. నేను నమ్మేది నమ్మాను, ఆవిడ నమ్మేది ఆవిడ నమ్మింది.

తావెట్టి రెండో వరసలో ఉన్నాడు. తెల్ల రిబ్బను మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. అధ్యక్షుడు లెక్కపెడుతూ అతని దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

చెయ్యెత్తాడు. పూర్తిగా కాదు. చెవి దాకా.

మార్చి 4

రొట్టెలు ఇరవై చేశాను. కావలసినవి పన్నెండు.

మార్చి 5

వచ్చే బొమ్మకు పాస్టరుగారి మేనల్లుడు చదువుతాడట. వాడికి ఇంగ్లీషు వస్తే, నాకు చైనా భాష వచ్చినట్టే. మాట్లాడే పెదవుల ముందు మూగవాళ్ళలా కూర్చుని చూస్తారు, చూడనీ.

మార్చి 10. ఆదివారం

పొద్దున పది గంటలకు తావెట్టి వచ్చాడు. ఇస్త్రీ కోటు, రిబ్బను, కాళ్ళకు నా మేజోళ్ళు. వారమంతా రాలేదు, ధైర్యం కూడగట్టుకోవడానికి అంత పట్టింది కాబోలు. ఈసారి లోపలికి రావచ్చా అని అడిగాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఆ రోజు అందరూ చూస్తున్నారు సైమీ. నన్ను చేర్చుకుని అప్పటికి వారమే. చెయ్యెత్తకపోతే వీడేంటి అప్పుడే ఎదురు తిరిగాడంటారు. నువ్వైనా అర్థం చేసుకోవాలి."

"ఆ రోజు తాగావా?"

"లేదు. ఒట్టు. హెల్మి అలా అయిన రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఎవర్నైనా అడుగు."

"అడగక్కర్లేదు. నాకు తెలుసు," అన్నాను. "ఇన్నేళ్ళూ నువ్వు చేసిందల్లా సారా మీద వేశాను తావెట్టీ. బిడ్డ వేళ్ళు పోయినా, ఇది తావెట్టి కాదు, సారా అనుకోబట్టే బతికాను. నా మాట నిజమని ఈ గుమ్మంలోనే అన్నావు. మర్నాడు వాళ్ళతో కలిసి చెయ్యెత్తావు. దీన్ని దేని మీద వెయ్యమంటావు?"

అతను కోటు మీద రిబ్బను సర్దుకున్నాడు. చెప్పేదేమైనా ఉంటే విందామని నేను ఆగాను, నిజంగా ఆగాను. చలిగాలి ఇంట్లోకి కొడుతోంది. ఓస్కరి లోపల్నుంచి తలుపెయ్యమని అరిచాడు.

వేశాను.

హెల్మి బల్ల దగ్గర గంజి తాగుతోంది. అంతా విన్నది.

"నాన్న తాగొచ్చాడా?"

"లేదమ్మా. బాగున్నాడు. మంచి కోటు వేసుకున్నాడు."

"మరెందుకు రానివ్వలేదు?"

"తాగనప్పుడు ఎలాంటివాడో ఇప్పుడే తెలిసింది," అన్నాను. అది చెంచా పట్టుకుని నన్ను చూసి, తలుపు వైపు చూసి, ఇంకొంచెం గంజి వెయ్యమంది.